మేయరు కుర్చీ, కమిషనరు కలం

తెలుగు రాష్ట్రాల్లో నగరపాలక సంస్థ మూడు కాళ్ల మీద నిలబడుతుంది. డివిజన్ల నుంచి ఎన్నికైన కార్పొరేటర్లంతా కూర్చునే కౌన్సిల్ మొదటిది. ఆ సభ్యులు తమలోంచి ఎన్నుకున్న కొద్దిమందితో ఏర్పడే స్థాయీ సంఘం రెండోది. వాడుకలో దీన్ని స్టాండింగ్ కమిటీ అనే అంటారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిషనర్ మూడోది. మేయరు కౌన్సిల్‌కు అధ్యక్షత వహిస్తారు, నగర ప్రథమ పౌరుడిగా గౌరవం అందుకుంటారు. కాని కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించాలన్నా, అక్రమ కట్టడానికి నోటీసు అంటించాలన్నా, పారిశుద్ధ్య సిబ్బందిని ఒక చోటి నుంచి మరో చోటికి మార్చాలన్నా నడిచేది కమిషనరు పేషీ నుంచే. తీర్మానం చేసేవారు ఓటర్లకు జవాబు చెప్పుకోవాలి, దాన్ని అమలు చేసే అధికారి మాత్రం తనను పంపిన ప్రభుత్వానికి జవాబు చెప్పుకుంటారు. ఈ ఏర్పాటుకు మూలాలు మద్రాసు కోటలో ఉన్నాయి.

1687 డిసెంబరు 30 తేదీతో ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన సన్నదు ప్రకారం మద్రాసు కార్పొరేషన్ 1688 సెప్టెంబరు 29న కొలువుదీరింది. మన దేశంలో ఇదే మొట్టమొదటి నగరపాలక సంస్థ. ఒక మేయరు, 12 మంది ఆల్డర్‌మెన్, 60 మంది బర్జెస్‌లు దాని సభ్యులు. ఎలీహూ యేల్ కోట గవర్నరుగా ఉన్న రోజులవి; నథానియేల్ హిగిన్సన్ మొదటి మేయరు అయ్యాడు. ఆల్డర్‌మెన్‌లు ఎర్రటి ఉన్ని అంగీలు, బర్జెస్‌లు తెల్లటి చీనా పట్టు వేసుకుని ఊరేగారు. ఆ సభలో ఇంగ్లీషువాళ్లతో పాటు పోర్చుగీసు వర్తకులు, యూదు వర్తకులు ఉన్నారు. ఆల్డర్‌మెన్‌లలో ముగ్గురు హిందువులు; వారిలో ఒకరు కంపెనీతో వ్యాపారం నెరపిన తెలుగు వర్తకుడు చిన్న వెంకటాద్రి.

ఇంత వైభవం వెనక ఉన్న ఆలోచన పన్నుల గురించి. కోట గోడలకు, వీధులకు, కాలవలకు డబ్బు కావాలి. కంపెనీ నేరుగా పన్ను వేస్తే జనం తిరగబడుతున్నారు. తమవాళ్లే కూర్చుని వేసుకున్న పన్ను అయితే సంతోషంగా కడతారని లండన్‌లో కంపెనీని నడిపిస్తున్న జోసయా చైల్డ్ అంచనా. ఆ అంచనా తప్పింది. సభలో సొంతవాళ్లు ముగ్గురు కూర్చున్నంత మాత్రాన కొత్త పన్నుకు మద్రాసు జనం తల ఒగ్గలేదు. టౌన్‌హాలు, బడి, మురుగు కాలవ అంటూ గీసుకున్న పథకాలకు రాబడి లేకపోయింది. కార్పొరేషన్ క్రమంగా తగవులు తీర్చే న్యాయస్థానంగా మిగిలింది. 1726 నాటి కొత్త సన్నదు ఆ స్వరూపాన్నే ఖాయం చేసి, మేయరును, 9 మంది ఆల్డర్‌మెన్‌ను మేయర్స్ కోర్టుగా కూర్చోబెట్టింది. మునిసిపాలిటీ అంటే పన్నుల కోసం పై నుంచి దింపిన సంస్థ అన్న అనుమానం ఆనాడే పుట్టింది. రెండు శతాబ్దాల తర్వాత అదే అనుమానం ఒక ఊరికి ఊరినే ఖాళీ చేయించింది.

1793 చట్టం మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాల్లో వీధులు ఊడ్పించడం, కాపలా, మరమ్మతులు, ఇంటి పన్ను వసూలు చేసే పనిని జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే నియమిత పెద్దలకు అప్పగించింది. 1856లో వారి స్థానంలో జీతం తీసుకునే ముగ్గురు కమిషనర్లు వచ్చారు. 1867లో మద్రాసును 8 డివిజన్లు చేసి 32 మంది సభ్యులను ప్రభుత్వమే నియమించింది. 1878లో వారిలో సగం మందిని పన్ను కట్టేవారు ఎన్నుకునే వీలు దొరికింది.

ఈలోగా బొంబాయిలో జరిగిన ఒక గొడవ నేటికీ మన మునిసిపల్ చట్టాల మీద ముద్ర వేసింది. 1865లో అక్కడి కార్యనిర్వాహక అధికారమంతా ఆర్థర్ క్రాఫోర్డ్ అనే ఒకే కమిషనరు చేతిలో పెట్టారు. చురుకైన అధికారి, మార్కెట్లు కట్టించాడు, రోడ్లు వేయించాడు, ఖజానాకు మించి ఖర్చు పెట్టాడు. 1871 నాటికి పన్ను చెల్లించేవారు కోపంతో వీధికెక్కారు. కమిషనరు అధికారాన్ని ముక్కలు చేసి కమిటీకి ఇవ్వాలని చాలామంది పట్టుబట్టారు. యువ న్యాయవాది ఫిరోజ్‌షా మెహతా వారితో ఏకీభవించలేదు. పని చేయించేవాడు ఒక్కడే ఉండాలి, కాని అతని మీద పన్ను కట్టేవారు ఎన్నుకున్న సభ నిఘా ఉండాలి, జమాఖర్చులు చూసే చిన్న సంఘం ఒకటి మధ్యలో ఉండాలి, లోపం అధికారిది కాదు, అతన్ని అడిగే సభ లేకపోవడానిది అన్నది ఆయన వాదన. 1872లో చట్టం ఆ దారి పట్టింది. 1888 బొంబాయి చట్టం కార్పొరేషన్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్ అనే మూడింటినీ మునిసిపల్ అధికార స్థానాలుగా పేర్కొంది. మెహతా కోరినదాంట్లో అతిముఖ్యమైన భాగం నిఘా. తర్వాతి కాలంలో ఈ నమూనాను దిగుమతి చేసుకున్న చాలా చోట్ల ఒంటి అధికారి భాగం బలంగా నాటుకుంది, నిఘా భాగం బలహీనపడింది.

మద్రాసు నగరం వెలుపల, తెలుగు జిల్లాల్లో పట్టణ పాలన మరో దారిలో వచ్చింది. 1850 నాటి చట్టం ఊరివాళ్లు కోరితేనే మునిసిపాలిటీ ఏర్పాటు చేసేది. అడిగి మరీ పన్ను వేయించుకునే ఊళ్లు సహజంగానే తక్కువ. భీమునిపట్నంలో 1861లోనే మునిసిపాలిటీ ఏర్పడటం అందుకే చెప్పుకోదగ్గ విషయం. డచ్చివారి కాలం నుంచి రేవు వ్యాపారంతో బతికిన ఊరది. 1865లో పట్టణాభివృద్ధి చట్టం వచ్చాక ఊరి కోరికతో పని లేకుండా పోయింది. ఆ మరుసటి ఏడాది గుంటూరు, కాకినాడ, రాజమండ్రి, నెల్లూరు వంటి పట్టణాలు వరసగా మునిసిపాలిటీలయ్యాయి. సభ్యులను ప్రభుత్వమే నియమించేది, కలెక్టరే అధ్యక్షుడు. పోలీసు ఖర్చులో పెద్ద వాటా కూడా ఆ పట్టణాలే మోయాల్సి వచ్చింది. 1871 చట్టం ఆ భారం దించి బదులుగా బడులు, ఆసుపత్రులు, టీకాల పని అప్పగించింది.

1882 మే 18న వైస్రాయి రిప్పన్ వెలువరించిన తీర్మానం ఈ కథలో పెద్ద మలుపు. స్థానిక సంస్థల్లో అధికారులు కానివారిదే మెజారిటీ కావాలని, అధ్యక్షులు కూడా వీలైనంత వరకు అధికారులు కాకూడదని ఆయన చెప్పాడు. పనులు చక్కగా జరుగుతాయన్న ఆశ కంటే, జనం పాలన నేర్చుకుంటారన్న ఆశే దానికి ప్రధాన కారణం. తర్వాత మద్రాసు నగరపాలక భవనానికి రిప్పన్ పేరు పెట్టుకోవడం ఊరికే జరగలేదు. 1884 మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం ఆ తీర్మానానికి రూపం. సభ్యుల్లో ఎక్కువమంది ఎన్నికయ్యే వీలు, ఛైర్మన్‌ను కౌన్సిలే ఎన్నుకునే వీలు ఏర్పడ్డాయి. ఓటు మాత్రం పన్ను కట్టే కొద్దిమందికే.

తెలుగునాట రాజకీయం మొదటి పాఠాలు నేర్చుకున్నది ఈ మునిసిపల్ హాళ్లలోనే. టంగుటూరి ప్రకాశం 1904లో రాజమండ్రి మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. మద్రాసు రాష్ట్రానికీ ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రానికీ ప్రధాన పదవులు నిర్వహించిన మనిషి మొదట కూర్చున్న అధికార పీఠం అది. ఆ రోజుల్లో ఛైర్మన్ అంటే సభకు అధ్యక్షుడూ ఆయనే, పనులు చేయించే కార్యనిర్వాహకుడూ ఆయనే. కుళాయి రాకపోతే జనం వెళ్లి తలుపు తట్టేది ఆయన ఇంటిదే. పక్షపాతం, వర్గాలు, బంధుప్రీతి ఆ ఏర్పాటులో లేకపోలేదు. అయితే తప్పు ఎవరిదో ఊరందరికీ తెలిసేది. 1930ల్లో మద్రాసు ప్రభుత్వం ఈ కార్యనిర్వాహక అధికారాన్ని ఛైర్మన్ల నుంచి తీసి, తాను నియమించే కమిషనర్లకు ఇచ్చింది. వర్గ కలహాలు తగ్గించడానికేనని కారణం చెప్పింది. అప్పటి నుంచి ఊళ్లో ప్రశ్న అడగాల్సిన చోటు ఒకటి, జవాబు ఉన్న చోటు మరొకటి అయ్యాయి.

చీరాల కథ అంతకు ముందుది. 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేశారు. జనాభా దాదాపు 15 వేలు; ఎక్కువమంది నేతగాళ్లు, చిన్న రైతులు. అంతవరకు ఏడాదికి 4 వేల రూపాయలు ఉన్న పన్ను ఒక్కసారిగా 40 వేలకు చేరింది. బావి నీళ్లు, ఇసుక నేల, సముద్రపు గాలి ఉన్న తమ ఊరికి మునిసిపాలిటీ ఎందుకని జనం అడిగారు. అర్జీలు పెట్టుకున్నారు, పన్ను కట్టడం మానేశారు. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేసి బయటికొచ్చారు. ప్రభుత్వం జీతం ఇచ్చి ఒక ఛైర్మన్‌ను పెట్టి, సభ్యులు లేని మునిసిపాలిటీని నడిపింది. కౌన్సిల్ లేకపోయినా మునిసిపాలిటీ నడుస్తుందని ప్రభుత్వం ఆనాడే చూపించింది.

ఉద్యమానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన కూర్చిన రామదండు వాలంటీర్లు ఊరి క్రమశిక్షణ చూసుకున్నారు. బెజవాడలో కాంగ్రెస్ సమావేశం ముగించుకుని 1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. హింస లేకుండా పన్ను నిరాకరించడం ఒక దారి, మునిసిపల్ హద్దులు దాటి వెళ్లిపోవడం మరో దారి అని ఆయన చెప్పారు. జనం రెండో దారి ఎంచుకున్నారు. దాదాపు 13 వేల మంది ఇళ్లు విడిచి, మునిసిపల్ సరిహద్దు అవతల పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండకు ఎండి, వానకు తడిసి అక్కడే సుమారు 11 నెలలు ఉన్నారు. తమ సొంత సభ, తమ సొంత పంచాయతీ అక్కడే నడుపుకున్నారు. గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి జైలుకు పంపాక, సహాయ నిరాకరణ ఉద్యమం కూడా ఆగిపోయాక జనం తిరిగి ఇళ్లు చేరారు. ఈ ఘట్టం స్వాతంత్ర్య పోరాట చరిత్రలో భాగంగానే ఎక్కువగా వినిపిస్తుంది. దాన్ని మునిసిపల్ చరిత్రలో భాగంగా కూడా చదవాలి. తమ అంగీకారం లేకుండా తమ పేరుమీద తీసుకున్న నిర్ణయాన్ని ఒక ఊరు ఇంతకంటే గట్టిగా తిరస్కరించిన సందర్భం తెలుగునాట కనిపించదు. ఆనాడు స్థానిక స్వపరిపాలన శాఖను చూస్తున్నది తెలుగువాడే, పానగంటి రామరాయణింగారు, పానగల్ రాజాగా పేరుపడ్డ జస్టిస్ పార్టీ నాయకుడు.

అదే కాలంలో మద్రాసు నగరంలో పరిస్థితి వేరు. 1919 మద్రాసు నగర మునిసిపల్ చట్టం సభాధ్యక్ష పదవిని, కార్యనిర్వాహక పదవిని విడదీసింది. అధ్యక్షుణ్ణి కౌన్సిల్ ఎన్నుకుంటుంది, కమిషనర్‌ను ప్రభుత్వం పంపుతుంది. ఆ చట్టం కింద అధ్యక్షుడైన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవారు. ఆయన హయాంలోనే 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టే పథకం కౌన్సిల్ ఆమోదంతో మొదలైంది. ఒక కౌన్సిల్ తీర్మానం ఎంత దూరం ప్రయాణించగలదో ఆ ఒక్క పద్దు చెబుతుంది. 1933లో అధ్యక్ష పదవికి మళ్లీ మేయరు అన్న పాత పేరు పెట్టారు.

హైదరాబాద్ దారి పూర్తిగా వేరు. అక్కడ కార్పొరేషన్‌ను ఇప్పటికీ బల్దియా అనే పిలుస్తారు; అరబ్బీ మూలం నుంచి ఉర్దూలోకి వచ్చిన మాట అది. 1869లో మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్నప్పుడు నగరాన్ని నాలుగు భాగాలుగా, చాదర్‌ఘాట్ శివారును ఐదు భాగాలుగా విభజించి ఒక మునిసిపల్ కమిషనరు కింద పెట్టారు. బ్రిటిష్ రెసిడెన్సీ ఉన్న చాదర్‌ఘాట్ కొన్నేళ్లకు విడిపోయింది. అంటే కోస్తాలో సభ తర్వాత కమిషనరు వచ్చాడు, హైదరాబాద్‌లో కమిషనరు తర్వాత సభ వచ్చింది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేలాది ప్రాణాలు తీశాక నగరాన్ని తిరిగి కట్టే పని కూడా బల్దియాకు ఇవ్వలేదు. 1912లో నగరాభివృద్ధి బోర్డు అనే వేరే సంస్థ పెట్టారు. మురికివాడల తొలగింపు, వెడల్పు రోడ్లు, కొత్త ఇళ్లు ఆ బోర్డు చేతి మీదుగానే జరిగాయి. పెద్ద పని వచ్చినప్పుడల్లా దాన్ని సభ పరిధి నుంచి తప్పించి బోర్డుకు ఇచ్చే అలవాటు అక్కడ మొదలై నేటిదాకా సాగింది. 1975లో పట్టణాభివృద్ధి సంస్థ హుడా, 1989లో మంచినీటి బోర్డు, 2008లో మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఆ కోవలోవే. నగరంలో నల్లా నీళ్లు రాకపోతే కార్పొరేటరును నిలదీసే ఓటరుకు, ఆ నీళ్లు కార్పొరేటరు కూర్చున్న సభ చేతిలో లేవన్న సంగతి చాలాసార్లు తెలియదు.

1933లో చాదర్‌ఘాట్‌ను తిరిగి కలిపి, చట్టం ద్వారా హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్‌ను ఏర్పరచారు. మరుసటి ఏడాది మొదటి ఎన్నికలు జరిగాయి. వయోజనులందరికీ ఓటు దక్కింది నిజాం పాలన ముగిశాకే. 1950 చట్టం హైదరాబాద్‌కు, సికింద్రాబాద్‌కు విడివిడిగా కార్పొరేషన్లు ఇచ్చింది. 1951లో తెలంగాణ ఆంధ్రోద్యమ నాయకుడు మాడపాటి హనుమంతరావు హైదరాబాద్ తొలి మేయరయ్యారు. తెలుగు మాట్లాడితే సభల్లో చిన్నచూపు చూసిన నగరానికి, ఆ భాష కోసం గ్రంథాలయాలు, బాలికల పాఠశాల నడిపిన మనిషి మేయరు కావడం ఆ తరం చూసిన పెద్ద మార్పు. 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం బొంబాయి నమూనాలోని మూడు అధికార స్థానాలను తెచ్చి నిలబెట్టింది. 1960లో రెండు నగరాలూ ఒకే సంస్థ కిందికి వచ్చాయి. విశాఖపట్నం, విజయవాడ కార్పొరేషన్లయ్యాక వాటి నిర్మాణానికీ ఈ చట్టమే ఆధారమైంది; చిన్న పట్టణాలకు 1965 ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వర్తించింది.

చట్టంలో సభ ఉంది, కాని సభ ఎప్పుడూ ఉండాలన్న నిర్బంధం అప్పట్లో లేదు. హైదరాబాద్‌లో 1970 తర్వాత 1986 దాకా మేయరే లేరు. 1991 నుంచి 2002 వరకు మరోసారి ఖాళీ. ఆ ఏళ్లన్నీ ప్రత్యేకాధికారి పాలన. కౌన్సిల్ అధికారాలు, కమిషనర్ అధికారాలు ఒకే వ్యవస్థ చేతిలో చేరితే అడిగేవారు ఉండరు. నగరం వేగంగా పెరిగిన ఆ దశాబ్దాల్లోనే నాలాల మీద, చెరువుల మీద ఇళ్లు వెలిశాయి. దానికి కారణాలు ఎన్నో ఉన్నా, వీధివీధినీ ఎరిగిన ప్రతినిధి సభలో లేకపోవడం వాటిలో ఒకటి.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఈ లోటును పూడ్చాలని చూసింది. ఐదేళ్ల కాలపరిమితి, రద్దయితే ఆరు నెలల్లో ఎన్నిక, షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభా ప్రకారం, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు, 3 లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు, రాష్ట్ర ఎన్నికల సంఘం, ఆర్థిక సంఘం, ఇవన్నీ రాజ్యాంగంలోకి ఎక్కాయి. పన్నెండో షెడ్యూలు 18 అంశాలను పట్టణ సంస్థలకు తగినవని పేర్కొంది. అయితే వాటిని అప్పగించడం రాష్ట్ర శాసనసభ ఇష్టానికే వదిలేసింది. ఎన్నికలు కూడా చెప్పిన గడువుకు జరగలేదు. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడితే, 150 డివిజన్ల కౌన్సిల్ ఎన్నికైంది 2009లో.

మేయరును ఎవరు ఎన్నుకోవాలన్నదాని మీద చట్టం పలుమార్లు అటూ ఇటూ ఊగింది. కొన్ని దఫాలు ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. హైదరాబాద్‌లో 2002లో అలాగే జరిగింది. మిగతా సమయాల్లో సభ్యులు ఎన్నుకున్నారు. ఇప్పుడున్న పద్ధతిలో కార్పొరేటర్లతో పాటు ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు ఎక్స్ అఫీషియో సభ్యులుగా మేయరు ఎన్నికలో చేతులెత్తుతారు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో ఏ పార్టీకీ 150లో సగం రానప్పుడు ఆ బయటి ఓట్ల విలువ అందరికీ అర్థమైంది.

ఒక నిర్ణయం ఈ నిర్మాణంలో ఎలా నడుస్తుందో ఒక వీధి కాలవను తీసుకుని చూడవచ్చు. కాలనీవాసులు కార్పొరేటరుకు చెబుతారు. డివిజన్ ఇంజనీరు అంచనా తయారుచేస్తారు. ఖర్చు చిన్నదైతే మంజూరు అధికారం కమిషనర్‌కే ఉంటుంది. ఆ హద్దు దాటితే ఫైలు స్టాండింగ్ కమిటీకి వెళుతుంది. 150 డివిజన్ల గ్రేటర్ హైదరాబాద్ కౌన్సిల్‌లో ఈ కమిటీ 15 మందితో ఉండేది, మేయరే దానికి అధ్యక్షులు. సభ్యులు ఏటా ఎన్నికవుతారు. ఇంకా పెద్ద ఖర్చు అయితే కౌన్సిల్ సర్వసభ్య సమావేశానికి, అంతకు మించితే రాష్ట్ర ప్రభుత్వానికి. ఈ హద్దులను నిర్ణయించేదీ ప్రభుత్వమే.

ఏడాది బడ్జెట్టుదీ అదే మెట్లదారి. కమిషనరు ముసాయిదా రాస్తారు, స్టాండింగ్ కమిటీ మార్పులు చేస్తుంది, సర్వసభ్య సమావేశం ఆమోదిస్తుంది. చర్చ జరిగే రోజు గ్యాలరీలో పత్రికలవాళ్లు నిండుతారు. పన్నుల మదింపు, దోమల మందు, వీధి దీపాల గురించి కార్పొరేటర్లు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. ముందే పంపిన అజెండా అంశాలతో పాటు, అప్పటికప్పుడు సభ ముందుకు వచ్చే టేబుల్ అంశాలు కూడా ఉంటాయి. సభ్యులకు చదువుకునే సమయం లేని ఆ కాగితాల మీదే చాలాసార్లు గట్టి గొడవ జరుగుతుంది, జరగాలి కూడా. ఏకాభిప్రాయం లేకపోతే ఓటింగ్, ఓట్లు సమానమైతే మేయరు నిర్ణాయక ఓటు. ఒప్పుకోని సభ్యులు అసమ్మతి పత్రం ఇచ్చి మినిట్స్‌లో చేర్చమని కోరతారు.

సభ ముగిశాక తీర్మానం కమిషనరు కార్యాలయానికి చేరుతుంది. అది చట్టానికి విరుద్ధమని తోస్తే కమిషనరు ప్రభుత్వానికి నివేదించవచ్చు. ప్రభుత్వం దాన్ని నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. ఏ అడ్డూ లేకపోతే టెండరు పిలుస్తారు, పని మొదలవుతుంది. సభలో ఏం జరిగిందో రాసిన మినిట్స్ పుస్తకం తదుపరి సమావేశంలో సభ్యుల ముందుకు వస్తుంది. వారు సరిచూసి ఆమోదించాక అధ్యక్ష స్థానంలో ఉన్నవారు దాని కింద సంతకం చేస్తారు.